నలభై ఒకటో పేజీ

మా బావ గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడగాల్సింది మా అక్క, ఆవిడ నాతో మాట మానేసి నెలయింది. బావ తన గురించి తాను ఒక్క ముక్క చెప్పుకునే మనిషి కాదు. ఇక మిగిలింది నేనే. చేసిన ఘనకార్యం నాదే కాబట్టి చెప్పుకోవాల్సిందీ నేనే. నాకు కోపం ఎక్కువని నేను పాఠాలు చెప్పే యూనివర్సిటీ ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్‌లో గుమాస్తా దగ్గర్నుంచి హెడ్ దాకా అందరికీ తెలుసు. ఈ నెల రోజులుగా ఆ కోపం చూపించుకోవడానికి నాకు నేను తప్ప ఇంకో మనిషి దొరకడం లేదు.

బావ ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ డెమాన్‌స్ట్రేటర్. అంటే క్లాసులో నిలబడి పాఠం చెప్పే లెక్చరర్ కాదు. లాబ్‌లో పిల్లల పక్కన నిలబడి లోలకం ఎలా కట్టాలో, పట్టకాన్ని ఎంత తిప్పితే గీత కనబడుతుందో చూపించే ఉద్యోగం. ముప్పై ఏళ్ళు అదే గది. నల్లరంగు వేసిన పొడవాటి బల్లలు, మూల ఒక సింకు, దాని కొళాయి ఎంత బిగించినా కారుతూనే ఉంటుంది. గోడకున్న మేకుకి పగిలిన సామాన్ల రిజిస్టరు. స్టాప్‌వాచీలు ఇరవై అని రాసి ఉంటుంది, తిరిగేవి పదకొండు. ఆ పదకొండూ తిరుగుతున్నాయంటే అది కూడా బావ చలవే. ఆదివారాలు ఇంటికి తెచ్చుకుని విప్పి బాగుచేసేవాడు.

అయితే ఆయన అసలు పని లాబ్‌లో కాదు, ఇంట్లో భోజనాల బల్ల దగ్గర. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ తాగి, పిల్లలు పారేసిన రికార్డు కాగితాల వెనకవైపు లెక్క మొదలుపెట్టేవాడు. అక్క కంచాలు పెట్టేదాకా అదే. "ఆ కాగితాలు తీస్తారా, వాటి మీదే వడ్డించమంటారా?" అని అక్క అరిస్తే తప్ప కదిలేవాడు కాదు.

ఆ లెక్క ఏమిటో చెప్పకపోతే నేను చేసిన పాపం మీకు అర్థం కాదు. కంటికి కనబడని చిన్న చిన్న కణాలుంటాయి కదా, వాటికి పుట్టుకతోనే ఒక తిరుగుడు ఉంటుంది. స్పిన్ అంటాం. ఎలక్ట్రాన్‌కి అర. వెలుగు కణానికి ఒకటి. మూడు, నాలుగు, ఇంకా పైకి పోతే వాటిని హైస్పిన్ కణాలంటాం. రెండు కణాలు ఎదురెదురుగా వస్తాయి, దగ్గరపడతాయి, చెదిరి తలో దిక్కుకీ పోతాయి. ఏ దిక్కుకి పోయే అవకాశం ఎంత, అదీ లెక్క. పాఠ్యపుస్తకాల్లో పరిక్షేపణం అని రాస్తారు, మేం మాత్రం స్కాటరింగ్ అనే అంటాం.

బావ దీన్ని ఒకసారి మా అక్కకి చెప్పాడు. "రెండు వస్తాయి, రెండు పోతాయి. మధ్యలో ఏం జరిగిందో మనకి కనబడదు."

"మీరూ, మా చెల్లీ ఈ బల్ల దగ్గర కూర్చున్నా అంతేగా" అంది అక్క. "ఇద్దరు వస్తారు, ఇద్దరు లేచిపోతారు, మధ్యలో ఏం జరిగిందో ఆ దేవుడికే తెలియాలి."

స్పిన్ ఒకటైతే ఈ లెక్క రెండు పేజీల్లో తేలిపోతుంది. మూడైతే ఒక్కో పదం విప్పేసరికి ముప్పై పదాలవుతాయి. ఒక పేజీ నిండా రాసి, ఒక చోట గుర్తు తప్పితే ఆ పేజీ చింపి మళ్ళీ మొదలు. దానికి తోడు ఇంకో తలనొప్పి ఉంది. కణాల శక్తి పెంచుకుంటూ పోతే, హైస్పిన్ దగ్గర ఆ అవకాశం హద్దు దాటి పెరిగిపోతుంది. వందమంది పరీక్ష రాస్తే నూటయాభై మంది పాసయ్యారన్నట్టు ఉంటుంది జవాబు. అలా వచ్చిన సిద్ధాంతాన్ని చెత్తబుట్టలో వేయాల్సిందే. బావ ఆరేళ్ళు కుస్తీ పట్టింది దీనితోనే. స్పిన్ మూడున్న కణాలు చెదిరేటప్పుడు మధ్యలో ఇంకో కణాన్ని కూడా కలుపుకుని, దాని బలాన్ని సరిగ్గా ఒక విలువ దగ్గర పెడితే, అన్నిటికంటే దారుణంగా పెరిగే రెండు ముక్కలూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని తేల్చాడు. ఒక ముక్క ముందు ప్లస్, రెండోదాని ముందు మైనస్. ఆ ఒక్క మైనస్ మీద ఆరేళ్ళ పని నిలబడింది.

ఆయన్ని ఈ ఊబిలోకి దింపిందీ నేనే. ఎమ్మెస్సీ అయ్యాక దొరికిన ఉద్యోగంతో సరిపెట్టుకుని హాయిగా ఉన్నవాణ్ణి, "నీ బుర్ర పెట్టుకుని లోలకాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే నాకు ఒళ్ళు మండుతుంది బావా" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది నేను. నా చేత్తోనే దరఖాస్తు నింపాను. ఉద్యోగం చేసుకుంటూనే పీహెచ్‌డీ చెయ్యొచ్చు, మా డిపార్ట్‌మెంట్‌లోనే ఒక పెద్ద ప్రొఫెసర్ దగ్గర చేరాడు. అప్పటికి ఆయనకి నలభై ఏళ్ళు. చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ఇరవై రెండు, ఇరవై మూడు. వాళ్ళు అంకుల్ అనేవాళ్ళు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

ఆరో ఏడు గడువు ముగిసే నెలలో థీసిస్ తెచ్చాడు. ఆ ఏడాదే ఆయన కాలేజీలో ఒక లెక్చరర్ పోస్టు ఖాళీ అయింది. డాక్టరేట్ చేతికి వస్తే అది ఆయనదే, ప్రిన్సిపాల్ మాటిచ్చేశాడు. పాఠం చెప్పాలని మా బావకి ఎంత కోరికో నాకు తెలుసు. లెక్చరర్ సెలవు పెట్టిన రోజు క్లాసు చూసుకోమంటే ముందు రోజు చొక్కా ఇస్త్రీ చేయించుకునేవాడు.

థీసిస్ బయటికి పోయే ముందు మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరు మొత్తం చదివి "చూశాను" అని సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే కదలదు. పెద్ద ప్రొఫెసర్‌కి అప్పుడే కళ్ళకి ఆపరేషన్ అయింది. హెడ్ నన్ను పిలిచి, "స్పిన్ మూడు మీద పనిచేసింది మీరేగా, మీరే చూడండి" అన్నాడు. మా బావండీ, నేను చూడకూడదు అని ఒక్క మాట అంటే పోయేది. అనలేదు. బావే అయినా నేను ఎంత నిక్కచ్చిగా ఉంటానో లోకానికి చూపించాలనుకున్నాను. కళ్ళు నెత్తికెక్కిన వయసు, కొత్తగా ప్రమోషన్ వచ్చిన రోజులు.

మర్నాడు పొద్దున్నే నేను ఒక కాన్ఫరెన్సుకి వెళ్ళాలి. మధ్యాహ్నం రెండింటికి తలుపేసుకుని కూర్చున్నాను. ఒక పక్క నా ఉపన్యాసం సిద్ధం కాలేదు. మొదటి అధ్యాయం తిప్పేశాను, అన్ని థీసిస్‌లలోనూ మొదటి అధ్యాయం ఒకలాగే ఏడుస్తుంది కదా అని. రెండో అధ్యాయం నుంచి పట్టుకున్నాను. నలభై ఒకటో పేజీకి వచ్చేసరికి నాకు మైనస్ రాలేదు, ప్లస్ వచ్చింది. ప్లస్ వస్తే ఆ రెండు ముక్కలూ కొట్టేసుకోవు, కలిసి ఇంకా పెద్దవవుతాయి. ఆరేళ్ళ పని గంగపాలు.

నిజం చెప్పొద్దూ, తప్పు దొరికినందుకు నాకు సంతోషమేసింది. సిగ్గులేని సంతోషం. సొంత బావని కూడా వదల్లేదు చూడండి అని నలుగురూ అనుకుంటారని. మార్జిన్‌లో పెన్సిల్‌తో రాశాను: "ఇక్కడ గుర్తు తప్పు. ప్రధాన ఫలితం నిలవదు." సంతకం పెట్టకుండా పంపేశాను. అయిదింటికల్లా ఉపన్యాసం పనిలో పడ్డాను.

కాన్ఫరెన్సు నుంచి వచ్చిన రోజు బావ నా గదికి వచ్చాడు. ఎదురుగా ఉన్న కుర్చీలో అంచు మీద కూర్చున్నాడు. ఇంట్లో నా నెత్తిన మొట్టే మనిషి, ఆ గదిలో అలా కూర్చున్నాడు.

"నాకు మళ్ళీ మైనస్సే వస్తోంది అమ్మాయ్. ఒక్క అరగంట మనిద్దరం కలిసి చూద్దామా?"

నాకు ఇంకో పావుగంటలో క్లాసు. అలసటగా ఉంది. పైగా ఒకసారి తేల్చి చెప్పాక మళ్ళీ అడిగితే నాకు చిర్రెత్తుకొస్తుంది.

"బావా, నేను మూడుసార్లు చూశాను. మూడు వేరు వేరు పద్ధతుల్లో చేశాను. మూడింట్లోనూ ప్లస్సే. ఇంకేం చూస్తాం?"

పచ్చి అబద్ధం. చూసింది ఒక్కసారి, అది కూడా సగం మనసుతో. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు తెలీదు. వెనక్కి తీసుకోవడానికి ఒక క్షణం ఉండింది, తీసుకోలేదు.

"మూడుసార్లు చూశావా" అన్నాడు. "అయితే ఇంకేముందిలే." థీసిస్ సంచిలో పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి నా బల్ల మీద పెట్టాడు. "ఇది నీ దగ్గరే ఉండనీ. ఇంట్లో పెట్టుకుంటే మళ్ళీ చూడబుద్ధేస్తుంది" అని వెళ్ళిపోయాడు.

గడువు దాటిపోయింది. లెక్చరర్ పోస్టులోకి బయటి నుంచి ఒకతను వచ్చాడు. బావ నన్ను పల్లెత్తు మాట అనలేదు. పైగా ఎవరైనా అడిగితే, "మా మరదలు పట్టుకోబట్టి సరిపోయింది, లేకపోతే తప్పుడు లెక్క అచ్చయ్యేది" అని చెప్పుకునేవాడు. నా ఎదురుగానే చెప్పేవాడు.

భోజనాల బల్ల ఖాళీ అయింది. అక్క మొదట్లో హమ్మయ్య అనుకుంది. తర్వాత్తర్వాత ఆవిడకే తోచేది కాదు. "కాసేపు ఏదన్నా గీక్కోరాదూ?" అని ఆవిడే కాగితాలు తెచ్చి ముందు పెడితే ఆయన పక్కకి జరిపేవాడట.

లాబ్‌లో కూడా మనిషి మారాడు. అంతకుముందు పిల్లలు కొలత చూపిస్తే చప్పున టిక్కు పెట్టేవాడు. ఇప్పుడు ప్రతివాణ్ణీ "ఇంకోసారి చూడు" అనడం మొదలుపెట్టాడు. సరిగ్గా ఉన్నా సరే, ఇంకోసారి. పిల్లలు ఆయనకి ఇంకోసారి సారు అని పేరు పెట్టారు. ప్రతి బ్యాచ్‌కీ మొదటి రోజున చెప్పేవాడట, "ఒక్క గుర్తు తప్పు వేసి ఆరేళ్ళు పోగొట్టుకున్న వెధవని నేను. మీరలా కాకండి" అని. ఇది నాకు ఆ కాలేజీలో చదివి మా దగ్గర చేరిన ఒక పిల్లవాడు నవ్వుతూ చెప్పాడు. వాడితో పాటు నేనూ నవ్వినట్టు నటించాను. అప్పటికింకా నా లెక్కే సరైనదని నమ్ముతున్నాను సుమా. అయినా ఆ అబద్ధం ఒక్కటి గుచ్చుతూ ఉండేది.

అలా పదకొండేళ్ళు గడిచాయి. ఆ మధ్య నా దగ్గర రీసెర్చ్ చేసే అమ్మాయి, మంచి చురుకైంది, స్పిన్ మూడు స్కాటరింగ్ మొత్తం కంప్యూటర్‌తో చేయించింది. మనం ఆరేళ్ళు చేసేది దానికి ఒక పూట. ఒకరోజు గెంతుకుంటూ నా గదిలోకి వచ్చింది.

"మేడమ్, కొట్టేసుకుంటున్నాయి! ఒక్క విలువ దగ్గర పెద్ద ముక్కలు రెండూ కొట్టేసుకుంటున్నాయి! ఇంతకుముందు ఎవరూ రాయలేదు మేడమ్, అంతా వెతికాను."

"విలువ ఎంత?" అన్నాను. చెప్పింది. అది బావ విలువే.

ఆ పిల్లని పంపేసి, తలుపేసి, బీరువా తీశాను. అడుగు అరలో థీసిస్ ఉంది. ఈసారి మొదటి పేజీ నుంచి చదివాను. మూడో పేజీలోనే ఉంది, బావ చేత్తో కింద గీత కూడా గీశాడు. "ఈ థీసిస్‌లో లోపలికి వచ్చే కణాలు రెండు, బయటికి పోయే కణాలు రెండు అనే రాస్తున్నాను. అన్నీ లోపలికే అనే పద్ధతి వాడటం లేదు."

మా వాళ్ళలో ఒక అలవాటుంది. రెండు వచ్చి రెండు పోయినా సరే, కాగితం మీద నాలుగూ లోపలికే వస్తున్నట్టు రాసుకుంటాం. పోయేదాన్ని గుర్తు తిప్పి, వచ్చేదానిగా చదువుకుంటాం. అలా చేస్తే లెక్క తేలిక. మేం చదివేదంతా అలాగే ఉంటుంది కాబట్టి ఇంకోలా ఉండొచ్చని కూడా తట్టదు. బావ అలా రాయడు. "పోయేదాన్ని పోయింది అంటే వచ్చే నష్టమేంటి?" అనేవాడు. ఆయన రాసింది నేను నా అలవాటులో చదివాను. మొదటి ముక్కలో పోయే కణం తాలూకు అక్షరం మూడుసార్లు వస్తుంది, మూడుసార్లు గుర్తు తిరిగింది. రెండో ముక్కలో ఆయన ముందే విలువలు వేసేసి ఉంచాడు, అది తిరగలేదు. అంతే, మైనస్ కాస్తా ప్లస్ అయింది. స్పిన్ రెండో నాలుగో అయ్యుంటే గుర్తు సరిసంఖ్యలో తిరిగేది, ఎలా చదివినా ఒకటే వచ్చేది. మూడు కాబట్టి మునిగిపోయింది. మూడో పేజీ చదివుంటే ఇదంతా లేదు. ఆ రోజు అరగంట కలిసి కూర్చుని ఉన్నా మొదటి అయిదు నిమిషాల్లో ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

వెంటనే పరిగెత్తుకుంటూ వెళ్ళి బావతో చెప్పాననుకుంటున్నారా? లేదు. మూడు వారాలు నోరు మూసుకున్నాను. ఎన్ని సాకులో. ఇప్పుడు చెప్పి ఏం లాభం, వచ్చే ఏడు రిటైరవుతాడు, మానిన పుండు కెలకడం ఎందుకు, ఆయన మనశ్శాంతి పాడవుతుంది అని. ఆయన మనశ్శాంతి గురించి నాకేదో తెలిసినట్టు! అసలు భయం వేరే ఉంది. హెడ్‌కి తెలుస్తుంది, పిల్లలకి తెలుస్తుంది, అక్కకి తెలుస్తుంది. ఈలోపు ఆ అమ్మాయి పేపరు రాసేసింది, సోమవారం పంపిద్దామంది. ఎవరూ చేయని పని అని మొదటి వాక్యంలోనే రాసింది. ఆ వాక్యం చదివాక ఇంక నా వల్ల కాలేదు. ఆగమన్నాను. ఆ పేపరు కాపీ, బావ థీసిస్ సంచిలో వేసుకుని ఆదివారం పొద్దున అక్కావాళ్ళింటికి వెళ్ళాను.

అక్క కింద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. బావ బల్ల దగ్గర ఒక స్టాప్‌వాచీ విప్పి, దాని స్ప్రింగుని పట్టకారుతో పట్టుకుని ఉన్నాడు.

"రావమ్మా ప్రొఫెసరమ్మా" అన్నాడు తలెత్తకుండానే. "ఏంటి, మీ డిపార్ట్‌మెంటుకి దారి మర్చిపోయి ఇటొచ్చావా?"

"బావా, నీ లెక్క కరెక్టు."

"ఏ లెక్క?"

"నలభై ఒకటో పేజీ. మైనస్సే. నువ్వే కరెక్టు, నేనే తప్పు చూశాను."

స్ప్రింగు చేతిలోంచి ఎగిరి ఎక్కడో పడింది. బావ బల్ల కిందికి వంగి దాన్ని వెతికాడు. చాలాసేపు వెతికాడు. పైకి వచ్చేసరికి నవ్వుతున్నాడు.

"ఊరుకో అమ్మాయ్. రిటైరవుతున్నానని ఏదో ఒకటి చేతిలో పెడదామనుకుంటున్నావా? నాకలాంటివి వద్దు."

కంప్యూటర్ జవాబు చూపించాను. "దానికేం తెలుసు? మనం ఏది పెడితే అదే తిరిగి చెప్తుంది. మీ పిల్ల కూడా నాలాగే గుర్తు తప్పు వేసుంటుంది. ఇంకోసారి చూసుకోమను, పాపం" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. థీసిస్ తీసి మూడో పేజీ ముందు పెట్టాను. నేనెలా చదివానో, ఎక్కడ గుర్తు తిరిగిందో వేలు పెట్టి చూపించాను. శ్రద్ధగా విన్నాడు. ఒప్పుకుంటాడనుకున్నాను.

"ఒక్కసారి అయితే అలా పొరపాటు పడుంటావు, కాదనను" అన్నాడు నెమ్మదిగా. "కానీ నువ్వు మూడు పద్ధతుల్లో చేశావు కదా. మూడింట్లోనూ అదే పొరపాటు చేసే మనిషివి కావు నువ్వు. నాకు తెలీదా? కాబట్టి తప్పు నాదే. ఇంకెక్కడో ఉంది, అంతే."

నా మాట అబద్ధమని తేలితే తప్ప, తన లెక్క నిజమని ఈ మనిషి నమ్మడు. పదకొండేళ్ళు నా అబద్ధాన్ని ఆయన అంత భద్రంగా దాచుకున్నాడు.

"మూడుసార్లు చూడలేదు బావా. ఒక్కసారే చూశాను. మర్నాడు ప్రయాణం ఉంటే హడావుడిగా చూశాను. మొదటి అధ్యాయం చదవనే లేదు. నువ్వు మళ్ళీ అడుగుతావేమోనని అబద్ధం చెప్పాను."

చిక్కుడుకాయల చప్పుడు ఆగిపోయింది.

"ఏమన్నావే?" అంది అక్క.

నేను థీసిస్ మూసి పెట్టాను.

"గ్యాస్ కట్టేసి వచ్చి, కట్టేశానో లేదో చూడమని నన్ను పంపిస్తాడే ఈయన. తాళం వేసి వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కొస్తాడు. మందుల చీటీ తను చదివి, మళ్ళీ నా చేత చదివిస్తాడు. మతిమరుపేమోనని డాక్టరుకి కూడా చూపించాను. ఆ డాక్టరు, ఈయనకి జ్ఞాపకానికేం లోటు లేదమ్మా, తన మీద తనకే నమ్మకం లేదు అన్నాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు. నువ్వు పక్కనే కూర్చుని ఉన్నావు కదే ఆ రోజు!"

నిజమే. డాక్టరు దగ్గరికి కారులో తీసుకెళ్ళింది నేనే.

"అక్కా, నన్ను తిట్టు" అన్నాను.

"తిడితే నీకు బరువు దిగుతుంది. తిట్టను" అని చిక్కుడుకాయల గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అప్పట్నుంచే మాటల్లేవు.

బావ స్టాప్‌వాచీ ముక్కలన్నీ ఒక మూతలోకి ఎత్తాడు. ఒక్కొక్కటీ తీరిగ్గా ఎత్తాడు. పోనీలే అమ్మాయ్ అంటాడని ఎదురుచూశాను. ముప్పై ఏళ్ళుగా నేనేం చేసినా ఆ మాటే అన్నాడు మరి. ఈసారి అనలేదు. నేనే వాగడం మొదలుపెట్టాను. పేపరు మీద నీ పేరే ముందు వేస్తాం, హెడ్‌కి ఉత్తరం రాస్తాను, జరిగిందంతా పిల్లలకి నేనే చెప్తాను, డిగ్రీ కోసం మళ్ళీ...

"ఆగు" అన్నాడు. "పేర్ల సంగతి తర్వాత. ఆ కాగితాలు ఇక్కడ పెట్టి వెళ్ళు. రెండూ."

"బావా, సరిపోయిందని చెప్తున్నాగా. అన్నీ సరిపోయాయి."

"నీ మాట మీద ఒకసారి మానేశాను. మళ్ళీ నీ మాట మీదే మొదలుపెట్టమంటావా?"

గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. చెప్పులు వేసుకుని వచ్చేశాను. మెట్ల మీద ఒకసారి ఆగి విన్నాను. లోపల కుర్చీ జరిపిన చప్పుడైంది.

తొమ్మిది రోజులు ఏ కబురూ లేదు. అక్కకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. రీసెర్చ్ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ పిల్ల మొహంలో నా మీద ఉన్న గౌరవం ఎలా జారిపోయిందో కళ్ళారా చూశాను. "సార్ చూసేదాకా ఆగుదాం మేడమ్" అని మాత్రం అంది. హెడ్‌కి ఉత్తరం రాసిచ్చాను. ఆయన రెండుసార్లు చదివి, సొరుగులో పెట్టి, కిటికీలోంచి బయటికి చూశాడు. క్లాసుల్లో నా గొంతు నాకే వినబడేది కాదు.

పదో రోజు, మంగళవారం, పొద్దున పదకొండింటికి నా గదిలో ఫోన్ మోగింది. బావ.

"మైనస్సే" అన్నాడు.

"అవును బావా."

"నాదే కరెక్టు." మళ్ళీ అన్నాడు, "నాదే కరెక్టు అమ్మాయ్." ఆ గొంతు నేను విని పదకొండేళ్ళయింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఇవతల నేను ముక్కు ఎగబీలుస్తున్నది వినబడే ఉంటుంది. ఆయన మాత్రం ఆగలేదు.

"మీ అమ్మాయి పేపరు కాపీ ఇంకోటి ఉందా దగ్గర? పదిహేడో పేజీ తియ్యి. కింద నుంచి నాలుగో వరుస. దొరికిందా? అక్కడ రెండు పోయింది. రెండు పెట్టి గుణించాలి, పెట్టలేదు. పై పేజీలో కూడా అదే రెండు పోయింది కాబట్టి ఒకదానికొకటి సరిపోయి జవాబు మారలేదు, బతికిపోయారు. కానీ తప్పు తప్పే. అచ్చయితే ఆ పిల్ల పరువు పోయేది."

తీశాను. నాలుగో వరుస. రెండు లేదు.

"ఇంకొకటి అడగాలి" అన్నాడు బావ. "ఈ పేపరు చివరి పేజీలో పెన్సిల్‌తో 'చూశాను' అని రాసి సంతకం పెట్టావు. దీన్ని చూశావా నువ్వు?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. బయట వరండాలో పిల్లలు నవ్వుకుంటూ పోతున్నారు. ఏదో ఒకటి చెప్పడానికి నాకు ఇప్పుడూ ఒక క్షణం ఉంది.

"లేదు బావా. విలువా, గుర్తూ రెండే చూశాను. మిగతాది చదవకుండానే పెట్టాను."

అవతల కాగితాలు సర్దుకుంటున్న చప్పుడు.

"అయితే ఇప్పుడు చదువు" అన్నాడు. "మొదటి పేజీ నుంచి, పైకి చదువు. నేను ఫోన్ పెట్టను."